తెరమీద పొంగని పాలు

బాబాయికి పాడైన వస్తువుల మీద ఎలాంటి అనుమానమూ లేదు. ఆయన అనుమానమంతా బాగా పనిచేసే వాటి మీదే. ఫ్యాను కిర్రుకిర్రుమంటుంటే దాని కింద హాయిగా గుర్రుపెడతాడు. అదే చప్పుడు లేకుండా తిరిగితే, లేచి కూర్చుని దాని వంకే చూస్తాడు. పంటినొప్పి ఉన్నన్నాళ్లూ ఇంట్లో కూర్చుని, తగ్గిపోగానే కంగారుపడి డాక్టరు దగ్గరికి పరుగెత్తిన మనిషి.

ఒకసారి పిన్ని ఆయన అడక్కుండానే కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆయన కప్పు అందుకోలేదు.

"ఏం జరిగింది?"

"ఏం జరగలేదు. కాఫీ."

"జరక్కపోతే కాఫీ ఎందుకు?"

"తాగుతారా, పారబొయ్యనా?"

"చూశావా, అప్పుడే సాక్ష్యం మాయం చేసేస్తానంటోంది," అన్నాడు, పక్కనే ఉన్న అన్న కూతురితో. ఆ కాఫీ పిన్నే తాగింది. ఆ తర్వాత చాలాకాలం ఆయన బతిమాలినా ఇవ్వలేదు. దాంతో ఆయన మనసు కుదుటపడింది.

ఇలాంటి మనిషికి దేవుడు సరైన ఉద్యోగమే ఇచ్చాడు. సైకిళ్ల రిపేరు షాపు పైన ఒక చిన్న ఆఫీసు. అక్కడ తయారయ్యేది, వీడియోనీ శబ్దాన్నీ ఒకచోటి నుంచి ఇంకోచోటికి తెంపు లేకుండా పంపే సాఫ్ట్‌వేర్. దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. కొత్త విడుదల బయటికి వెళ్లేముందు అందులో తప్పులు పట్టడం బాబాయి పని. ఆఫీసులో అందరికీ ఆయన బాబాయే. అన్న కూతురికి మాత్రం రక్తసంబంధం కొద్దీ బాబాయి. ఆమె కూడా అక్కడే ప్రోగ్రాములు రాస్తుంది. ఈసారి విడుదల బాధ్యత మొదటిసారిగా ఆమె నెత్తిన పడింది.

మిగతావాళ్లంతా పరీక్షకు ఒక గెంతే బంతి వీడియో వాడతారు. బాబాయి దాన్ని నమ్మడు.

"ఎన్నాళ్లుగానో అదే బంతి. ఎక్కడ పడుతుందో సాఫ్ట్‌వేర్‌కి ఈపాటికి కంఠతా వచ్చేసుంటుంది," అంటాడు.

"సాఫ్ట్‌వేర్ కంఠతా పట్టదు బాబాయ్," అంటుంది శబ్దం సంగతి చూసుకునే సౌండక్క.

"అని అది నీతో చెప్పిందా?"

అందుకని ఆయన తనకో పరీక్ష కనిపెట్టుకున్నాడు. ఆఫీసు వంటగదిలో స్టవ్ మీద పాలు పెడతాడు. దానికెదురుగా ఒక ముసలి కెమెరా బిగిస్తాడు. హాల్లో తెర ముందు కూర్చుంటాడు. తెరమీద పొంగు కనబడగానే పరుగెత్తుకెళ్లి స్టవ్ కట్టేయాలి. పాలు గిన్నె దాటకముందే చేరుకుంటే విడుదల పాసు. పొట్ట ఊపుకుంటూ ఆయన హాలు దాటుతుంటే అందరూ కాళ్లు ముడుచుకుని దారిస్తారు. నవ్వుతారు గానీ ఆ పాలతోనే అందరికీ టీ వస్తుంది కాబట్టి ఎవరూ కాదనరు.

విడుదల రోజు పొద్దున్నే బాబాయి అన్న కూతురి కుర్చీ వెనక నిలబడ్డాడు. ఆమె ఒళ్లంతా కళ్లు చేసుకుని పని చూసుకుంటోంది. పిల్లల ఊయల మీద పెట్టే కెమెరాలు తయారుచేసేవాళ్లు ఈ విడుదల కోసమే కాచుకుని ఉన్నారు. తల్లి వంటింట్లో ఉండి పడగ్గదిలో బిడ్డను చూసుకునే కెమెరాలవి. సాయంత్రానికి ఇస్తానని ఆమె మాటిచ్చింది. మాట తప్పితే ఇంకెప్పుడూ తనకు విడుదల అప్పగించరని ఆమె భయం.

"లైను తెగితే ఎలా ఉందో చూశావా?" అన్నాడు బాబాయి.

"చూశాను. బొమ్మ చెక్కుచెదరలేదు."

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా."

బాబాయి మొహం మాడ్చుకున్నాడు. మెచ్చుకోలు కోసం ఎదురుచూసిన ఆమెకు ఒళ్లు మండింది. సొంతమనిషినని కూడా లేకుండా నన్నూ అనుమానిస్తున్నాడు, అనుకుంది. ఆయన ఆమె రాసిన ప్రోగ్రామును తన తెరమీద చాలాసేపు పైకీ కిందకీ తిప్పాడు. తర్వాత పాలగిన్నె పట్టుకుని వంటగదిలోకి వెళ్లాడు. మామూలు కంటే ఎక్కువసేపే ఉండి వచ్చి కూర్చున్నాడు.

తెరమీద పాలు ప్రశాంతంగా ఉన్నాయి. అందరూ కాళ్లు ముడుచుకుని సిద్ధంగా ఉన్నారు.

"ఇవాళ పాలు బద్ధకిస్తున్నాయి," అంది సౌండక్క.

"మంట తక్కువేమో," అన్నాడు సాఫ్ట్‌వేర్‌తో పాటు వెళ్లే వివరాలు రాసే ఉద్యోగి. అతన్ని అందరూ రాతగాడంటారు.

ఇంతలో మాడువాసన గుప్పుమంది.

"ఏదో మాడుతోంది."

"మనది కాదు. మన పాలు ఇవిగో, ఇంకా మీగడ కూడా కట్టలేదు," అంటూ రాతగాడు తెర చూపించాడు.

వంటగదిలోంచి పొగ హాల్లోకి వచ్చింది. అంతా లేచి పరుగెత్తారు. స్టవ్ నిండా పాలు, గిన్నె అడుగు నల్లగా బొగ్గు. కెమెరా వైరు గోడవారగా ఊడి పడుంది. ఎప్పుడూ అందరికంటే ముందుండే బాబాయి మాత్రం ఆఖరున నింపాదిగా వచ్చాడు.

"మీ కెమెరా చచ్చింది బాబాయ్," అంది సౌండక్క.

"నాకూ దాని మీదే అనుమానం," అన్నాడు ఆయన.

అన్న కూతురు ఒక్కతే వెనక్కి వచ్చి తెర చూసింది. పాలు ఇంకా ప్రశాంతంగానే ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. లైను తెగినప్పుడల్లా తెర నల్లబడిపోతుంటే చిరాకేసి, కొత్త బొమ్మ రాకపోతే పాతదాన్నే చూపిస్తూ ఉండమని తనే రాసింది. తాత్కాలికంగా అనుకుని తీసెయ్యడం మరిచిపోయింది. బొమ్మ చెదరడం లేదని మురిసిపోయింది కూడా. పాల సంగతి సరే. ఊయల మీద కెమెరా లైను తెగితే, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నా, పక్కగదిలో తల్లికి మాత్రం నిద్రపోతున్న బిడ్డే కనిపిస్తుంది.

"విడుదల రేపటికి," అన్నాడు బాబాయి అందరితో. "ఈ కెమెరాతో నేను పరీక్ష చెయ్యలేను. నాకు మనసొప్పదు."

అంతలో ఊయల కెమెరాలవాళ్ల నుంచి ఫోన్ మోగింది. ఆమె చెయ్యి చాచేలోగా బాబాయి అందుకున్నాడు.

"అవునండీ, ఆలస్యమే. నావల్లేనండీ. నా కెమెరా. పాతదేనండీ. ముందే చూసుకోవాల్సింది, నిజమే. అవునండీ, వయసైపోయింది. కెమెరాకా, నాకా? మీరెలా అనుకుంటే అలానే."

అవతలి తిట్లు హాలంతా వినిపించాయి. ఆయన ఫోను చెవికి కొంచెం దూరంగా పెట్టుకుని, తలూపుతూ అన్నీ విన్నాడు.

ఆమె ఆ సాయంత్రమే తప్పు దిద్దింది. ఇప్పుడు లైను తెగితే తెర ఎర్రబడి, కుయ్యిమని మోగుతుంది. మర్నాడు పొద్దున బాబాయి గిన్నె తోముతున్నప్పుడు ఆమె సౌండక్క పక్కన కూర్చుంది.

"అక్కా, తప్పు కెమెరాది కాదు. నాది. ఆ వైరు కూడా దానంతటది ఊడలేదేమోనని అనుమానంగా ఉంది. అందరికీ చెప్పేస్తాను."

సౌండక్క నవ్వింది. "కిందటి విడుదల ఎందుకాగిందో గుర్తుందా? బాబాయి చెవిలో నీళ్లు పోయాయని. నీళ్లూ లేవు, ఏమీ లేవు. కుడివైపు శబ్దం ఎడమకీ, ఎడమది కుడికీ పంపింది నేను."

రాతగాడు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "నా వంతు వచ్చినప్పుడు ఆయన కళ్లజోడు కనబడలేదు. ఆయన నెత్తి మీదే ఉంది. నేను చూస్తూనే ఉన్నా. తప్పు రాసింది నేనని అప్పటికి తెలిసిపోయింది, నోరెత్తలేదు."

"మరి ఆయనకి మీరెవరూ థాంక్స్ చెప్పలేదా?"

"పొరపాటున కూడా చెప్పకు," అంది సౌండక్క. "మనకి తెలిసిపోయిందని తెలిస్తే, ఇకమీదట ఎవరిదైనా తప్పు దొరికితే ఆయన ఏ సాకు చెప్పాలి పాపం?"

బాబాయి తోమిన గిన్నెతో గుమ్మంలోకి వచ్చాడు. అందరూ ఒక్కసారి నోళ్లు మూసుకోవడంతో అక్కడే ఆగిపోయి, ఒక్కొక్కరి మొహమే పరీక్షగా చూశాడు. అన్న కూతురికి కళ్లలో నీళ్లు తిరగబోయాయి. ఆయన ప్రేమంతా ఆమెకు ఒక్కసారే అర్థమైంది. లేచి నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"బాబాయ్, మీకసలు బుద్ధుందా? ఆ డొక్కు కెమెరా పట్టుకొచ్చి నా మొదటి విడుదల చెడగొడతారా? రోజంతా పాడైంది."

బాబాయి ఆమె వైపు అనుమానంగా చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత మొహం విప్పారింది.

"నిజమేనమ్మా, నాదే బుద్ధి తక్కువ," అన్నాడు సంబరంగా. "ఇంకో రెండు తిట్టు, పాలు పెట్టొస్తాను."