ఎర్రగళ్ల గుడ్డ కట్టిన డబ్బా

మా మేనత్త పోయిందన్న కబురు నాకు బస్సు కండక్టరు చెప్పాడు. పెట్రోలు డబ్బాతో ఆమెను ఒక్కనాడూ బస్సెక్కనివ్వని కండక్టరే. హాస్టలు నుంచి వచ్చి, ఆత్మకూరు బస్టాండులో టీ తాగి కాలేజీకి బయల్దేరబోతుంటే, ఉదయగిరి నుంచి వచ్చిన బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తల బయటపెట్టి, "ఒరే అబ్బయా, మీ అత్త పోయిందిరా. తెల్లారేటప్పటికి పోయింది. మీ నాయన నిన్ను రమ్మన్నాడు" అన్నాడు.

అత్త పోవడం ఒక దెబ్బ. ఆ కబురు మా నాయన పంపడం ఇంకో దెబ్బ. ఆమె ఆయనకు సొంత అక్క. ఒకే ఊళ్లో, రెండు వీధుల ఎడంలో ఉంటూ ఇద్దరూ ఏళ్ల తరబడి మాట్లాడుకోలేదు.

అదే బస్సులో వెనక్కి వెళ్లాను. కండక్టరు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఎన్నిసార్లు దింపేసినానో ఆమెను! ఒక్కసారన్నా తిట్టలేదు. 'నీ డ్యూటీ నువ్వు చెయ్యి నాయనా' అని డబ్బా పట్టుకుని దిగిపొయ్యేది. నా పోరు పడలేకనే మోపెడ్ కొనుక్కునింది" అన్నాడు. ఆ చివరి ముక్కలో కాస్త గర్వం కూడా ఉంది.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు 'ఆ మహనీయురాలు' అని మొదలుపెట్టాలని మా తెలుగు లెక్చరరు నేర్పాడు. మా అత్తను ఆ మాటంటే లేచొచ్చి చెవి మెలేస్తుంది. ఆమె జీవితంలో చేసిన ఘనకార్యం ఒక్కటే. పెట్రోలును శుభ్రంగా ఉంచింది. నవ్వకండి. పెట్రోలును శుభ్రంగా ఉంచినవాళ్లు మీ ఊళ్లో ఎంతమంది ఉన్నారో లెక్క చూసుకుని, అప్పుడు నవ్వండి.

మా మామ జామాయిలు తోటలు కోయించే పనిలో ఉండేవాడు. మా వైపు జనం గొడ్డలి తప్ప ఎరగని రోజుల్లో మద్రాసు నుంచి రంపం మిషన్ తెచ్చాడు. తాడు లాగితే గర్రుమని అరిచి, మనిషి నడుమంత మానును టీ చల్లారేలోగా పడగొట్టేది. అది తెచ్చిన కొద్దికాలానికే ఆయన జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. అత్త మిగిలింది, మిషన్ మిగిలింది. మిషన్ అమ్మేయమని అందరూ సలహా చెప్పారు. అత్త అందరి మాటా శ్రద్ధగా విని, ఇంకో రెండు మిషన్లు కొన్నది. ఒకటి పెట్రోలుతో మొదలై కిరోసిన్ మీద నడిచే నీళ్ల ఇంజను. రెండోది పెళ్లిళ్లకూ చర్చికీ చిన్న జనరేటరు. మూడూ బాడుగకిచ్చేది. షరతు ఒకటే: "మిషన్ నాదైతే ఆయిలూ నాదే." ఇంకెవరి పెట్రోలూ వాటి నోట్లో పడటానికి వీల్లేదు.

ఆ ఆయిలు ఉండే చోటు ఇంటి వెనక, వంటింటికి దూరంగా, వేపచెట్టు నీడలో మట్టిగోడల కొట్టు. దానికి నేను, బైబిల్లో ప్రధాన యాజకుడు తప్ప ఎవరూ అడుగుపెట్టని గది పేరే తీసుకుని, 'అతి పరిశుద్ధ స్థలం' అని నామకరణం చేశాను. పాస్టరుగారు విని మొహం ముడుచుకున్నారు గానీ, క్రిస్మస్ నాడు జనరేటరు ఆగకూడదు కాబట్టి పైకి ఏమీ అనలేదు. లోపల చెక్కబల్ల మీద ఇనప డబ్బాలు వరసగా ఉండేవి. నేల మీద పెడితే చెమ్మ లాగుతాయని బల్ల. మూత కింద వేలెడు జాగా వదిలేది. ఎండకు పొంగితే ఊపిరాడాలి గదా అనేది, అదేదో చంటిబిడ్డ అయినట్టు. ఎవరైనా నీళ్ల ప్లాస్టిక్ క్యాను పట్టుకుని పెట్రోలు కోసం వచ్చారో, ఆ మనిషికి ఆ పూట ప్రసంగం ఉచితం.

ప్రతి డబ్బా మెడకూ ఒక గుడ్డ పేలిక కట్టి ఉండేది. తెల్ల పేలిక చర్చి జనరేటరుది. పసుపు పేలిక రెడ్డిగారి నిమ్మతోటలో నీళ్ల ఇంజనుది. రంపం వాడుకునే వాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో రంగు, ఎందుకంటే రంపం పెట్రోలులో జిడ్డు కోసం ఆయిలు కలపాలి, మిగతా వాటిలో కలపకూడదు. "పేరు రాస్తే సరిపోదా అత్తా?" అని అడిగాను.

"రాస్తే చదవాల. తోటలో కూలోడు ఏం చదవతాడు? గుడ్డయితే కన్నుంటే చాలు."

ఆమె పెట్రోలు కొనే తీరు చూడాలంటే ఆత్మకూరు బంకు దగ్గర నిలబడాలి. గిరాకీ లేని బంకు మొహం చూసేది కాదు, అక్కడ సరుకు నిలవుంటుందని. గిరాకీ ఉన్న బంకులో కూడా ముందు విచారణ జరగాలి. ఒకసారి నేనూ ఉన్నాను.

"ట్యాంకరు ఎప్పుడు దించినారు?"

"ఇప్పుడేనక్కా. తాజా సరుకు" అన్నాడు బంకు మనిషి.

"అయితే రేపొస్తా. అడుగున మడ్డంతా పైకి లేచుంటాది. అది దిగాల."

వెనక లైనులో ఒకాయనకు ఒళ్లు మండింది. "ఏందమ్మా, ఇడ్లీ అనుకుంటివా ఏరుకోను?"

"ఇడ్లీ చెడిపోయుంటే నీకు ఒక పూట కడుపు నొస్తాది నాయనా. ఇది చెడిపోయుంటే నా మిషన్ కొండలో ఆగిపోతాది. కొండలో నీ కడుపు నొప్పికి మందుండాదేమోగానీ, దానికి లేదు."

లైనంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వకుండా ఖాళీ డబ్బా మోపెడ్‌కి కట్టుకుని, తెల్ల చీర కొంగు నడుముకు చుట్టుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. అంత దూరం వచ్చి ఖాళీగా పోవడం నాకు పిచ్చిగా కనిపించింది. ఆమెకు మామూలు.

ఆమె సూక్తులు కూడా అన్నీ పెట్రోలు వాసనే కొట్టేవి. "పెట్రోలూ పాలూ ఒకటేరా. నిలవుంటే వాసన మారతాది." నెల దాటిన పెట్రోలు రంపానికి పనికిరాదు. అది మోపెడ్‌లోకి దిగజారేది. ఇంకా పాతబడితే గొలుసులు కడగడానికి పోయేది. మా కాలేజీలో మేష్టర్లకు కూడా ఈ పద్ధతి పెడితే బాగుండునని నేనంటే, "నువ్వు ముందు పాసవ్వరా" అనేది. ఇంకో మాట, ప్రతి ఆపరేటరుకూ చెప్పేది: "పనైనాక మిషన్‌ని నువ్వు ఆపబాక. కడుపులో చుక్క మిగలకుండా అదే ఆగిపోవాల. అప్పుడు మళ్లీ ఎన్నాళ్లకు పిలిచినా పలకతాది."

ఇక మూడోది: "పాత పెట్రోలు, పాత కోపం ఇంట్లో పెట్టుకోకూడదు."

ఈ మూడోది విన్నప్పుడల్లా నా నోరు ఊరుకునేది కాదు. "మరి మా నాయన సంగతేందత్తా?"

ఆ సంగతి ఇది. మా నాయన చేలో ఎండిపోయిన తుమ్మచెట్టు కొట్టడానికి అక్క రంపం తీసుకెళ్లాడు. సగంలో డబ్బా అయిపోయింది. మళ్లీ ఇంటిదాకా ఎవరు పోతారని, గట్టు మీద ఆపి ఉన్న ఎవరిదో మోటారు సైకిల్లోంచి ఉత్త పెట్రోలు పట్టి పోశాడు. ఆయిలు లేని పెట్రోలుకు లోపల జిడ్డు ఉండదు. పిస్టన్ కాలిపోయి పట్టేసింది. అత్త పరిగెత్తుకొచ్చింది. "ఆయన చేతిది గదరా అది! ఒక్క కేకేస్తే డబ్బా పంపేదాన్ని గదరా!" అని కూలీలందరి ముందూ అనేసింది. మా నాయనకు తప్పు తెలుసు. తప్పు తెలిసిన మగవాడు ఏం చేస్తాడో అదే చేశాడు. అరిచాడు. "మొగుడు పోయినదానికి మిషన్లెందుకు? మూల కూర్చోక!" అన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి ఆ మిషన్ మీద విసిరికొట్టి వెళ్లిపోయాడు.

అత్త మిషన్‌ను నెల్లూరు పంపి బాగు చేయించింది. ఆ మాటను బాగు చేసే మెకానిక్ నెల్లూరులో లేడు.

ఆ తర్వాత ఇద్దరూ ప్రతి ఆదివారం ఒకే చర్చిలో, ఆయన మగవాళ్ల వైపు, ఆమె ఆడవాళ్ల వైపు. క్షమించుకోవడం గురించి పాస్టరుగారు ప్రసంగం ఎత్తుకున్నప్పుడు మా నాయన పైన తిరిగే ఫ్యాను వైపు, అత్త తన కాలివేళ్ల వైపు చూసుకునేవాళ్లు. కరెంటు పోయిన ఆదివారాల్లో ఆ ఫ్యాను తిరిగేది అత్త పెట్రోలు మీదే.

"మీ నాయనదీ నాదీ కోపం కాదురా" అంది ఒకసారి, నా ఎగతాళికి. గరాటులో వడకట్టే గుడ్డ పిండుతూ అంది. "ముందు ఎవరు పలకాలా అని. అంతే."

ఆ కొట్టులో నన్ను తికమక పెట్టిన డబ్బా ఒకటుంది. బల్ల చివర, మెడకు ఎర్రగళ్ల పేలిక. దాన్ని ఎవరూ తీసుకెళ్లడం నేను చూడలేదు. అయినా అత్త నెలనెలా అందులోది మోపెడ్‌లో పోసేసి, కొత్త పెట్రోలు తెచ్చి, దగ్గుమందు సీసాతో ఆయిలు కొలిచి కలిపి, మళ్లీ నింపి పెట్టేది.

"ఎవరత్తా ఈ మారాజు? నెలనెలా కొత్తది పోయించుకుంటాడు, ఒక్కనాడు వచ్చి తీసుకుపోడు?"

"వస్తాడులే. వచ్చిననాడు పాతది చేతికియ్యకూడదు."

అనంతసాగరం వైపు ఎవరో కంట్రాక్టరు అనుకున్నాను. ఎర్రగళ్ల తువ్వాలు లేని భుజం మా వైపు ఎక్కడుంటుంది, నాకు అనుమానం రావడానికి?

ఈ ఎండాకాలం అత్తకు ఆయాసం పట్టుకుంది. నెల్లూరు పెద్దాసుపత్రిలో చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అప్పటినుంచి మా నాయన ప్రతి సాయంత్రం తెల్లచొక్కా తొడుక్కునేవాడు. వీధి చివరిదాకా నడిచేవాడు. తిరిగొచ్చి చొక్కా విప్పి కొయ్యకు తగిలించేవాడు.

"ఈ పొద్దన్నా పోయినావా?" అనేది అమ్మ.

"రేపు పోతాలే. ఇప్పుడు నిద్రపోతుంటాది."

రెండు వీధుల ఎడం గల ఊళ్లో ఏదీ దాగదు. ఒక ఆదివారం మంచం పక్కన కూర్చుంటే అత్త అడిగింది, మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ. "మీ నాయన తెల్లచొక్కా యేసుకుంటుండాడంట. ఎవరింటికి పోవాలని?"

"నీ ఇంటికే."

"మరి దోవ తెలీదా?"

ఇంటికి పోయి ఆ మాట నాయనకు చెప్పాను. ఆయన మంచం మీద కూర్చుని చాలాసేపు తువ్వాలు మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు. "రేపు ఖచ్చితంగా పోతాను" అన్నాడు. మర్నాడు నేను ఆత్మకూరు బస్సెక్కాను. ఆ వారంలోనే కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

నేను ఊరు చేరేసరికి మా నాయన అత్త ఇంటి అరుగు మీద ఉన్నాడు. దోవ దొరికింది. తెల్లచొక్కాతోనే ఉన్నాడు.

సమాధుల దొడ్డి నుంచి గుంత తవ్వేవాళ్లు ఖాళీ చేతులతో వచ్చారు. మామ సమాధి పక్కన సీమతుమ్మ మాను లావుగా ఎదిగి, అత్త కోసం వదిలిన జాగాలో అడ్డంగా ఒరిగి ఉందట. గొడ్డలితో అయితే పొద్దు పోతుందన్నారు. ఎండ చూస్తే నిప్పులు. వేరే చోట తవ్వుదామన్నారు సంఘం పెద్దలు.

"ఆమె ఆయన పక్కనే ఉండాల" అన్నాడు మా నాయన. "రంపం తియ్యండి."

ఏళ్లుగా అత్త దగ్గర రంపం నడిపే ఆపరేటరు మిషన్ బయటికి తెచ్చి, కొట్టులోకి పోయి డబ్బాలు ఒక్కొక్కటీ మూత తీసి వాసన చూశాడు. ఆమె మంచం పట్టినప్పటినుంచీ కొత్తది పోసింది లేదు. అన్నీ పాతబడ్డాయి. చివరికి ఎర్రగళ్ల డబ్బాతో బయటికొచ్చాడు.

"ఇది ఒక్కటే తాజాగా ఉండాది. మొన్న కూడా లేవలేక, నన్ను ఆత్మకూరు పంపి కొత్తది తెప్పించి, మంచం మీది నుంచే చూస్తా కలిపించినాది. ఎవరిదో చెప్పలేదు. ఎవరిదైనా ఒక మాట అడగాల గదా, ఆమె పద్ధతి అది."

మా నాయన అరుగు దిగి దగ్గరికొచ్చాడు. డబ్బా మెడకున్న పేలికను రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు. గళ్లు వెలిసిపోయాయి గానీ, అంచున అమ్మ ఎప్పుడో నల్లదారంతో వేసిన కుట్టు అలాగే ఉంది.

"నాదే" అన్నాడు.

ఆయనే డబ్బాను కుదిపాడు, అడుగున దిగిన ఆయిలు కలవాలని. ఆయనే గరాటులో గుడ్డ వేసి, ఒక్క చుక్క ఒలకకుండా పోశాడు. ఆపరేటరు తాడు లాగితే మిషన్ కాస్త దగ్గి, అందుకుంది. దొడ్డిలో మాను తెగింది, మొద్దు లాగేశారు, జాగా తేలింది. ఆపరేటరు స్విచ్ మీద వేలు పెట్టబోయాడు.

"ఆపబాక" అన్నాడు నాయన. "అదే ఆగిపోనీ."

మిషన్‌ను మామ సమాధి గట్టు మీద పెట్టారు. ట్యాంకులో మిగిలింది కొంచెమే. అందరం నిలబడ్డాం. పాస్టరుగారు పుస్తకం మూసుకుని నిలబడ్డారు. నీలం పొగ కంపచెట్ల మీదుగా సన్నగా పోతోంది. శబ్దం కాస్త హెచ్చింది, తగ్గింది, ఇంకాస్త తగ్గింది. ఆగిపోయింది. అప్పుడు మా నాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, "అక్కా" అన్నాడు. ముందు ఆయనే పలికాడు.

మిషన్లు ఇప్పుడు ఆపరేటరు చూసుకుంటున్నాడు. ఎర్రగళ్ల డబ్బా మాత్రం మా ఇంట్లో, గొడ్లచావడి నీడలో, చెక్కపలక మీద ఉంది. మా ఇంట్లో రంపం లేదు. అయినా నెల తిరగగానే మా నాయన ఆత్మకూరు పోయి, ట్యాంకరు ఎప్పుడొచ్చిందో అడిగి, అవసరమైతే ఖాళీగా తిరిగొచ్చి మర్నాడు మళ్లీ పోయి, కొత్తది తెచ్చి పోస్తున్నాడు. పాతది అత్త మోపెడ్‌లోకి. ఆ మోపెడ్ నాకిచ్చారు. ఇప్పుడు రోజూ ఊరి నుంచి దాని మీదే కాలేజీకి పోతున్నాను, వెనక సన్నగా నీలం పొగ వదులుకుంటూ.