అంటించని పువ్వు

నోరు అదుపులో లేకపోతే ఏమవుతుందో నాకు రెండేళ్ల క్రితం నాగాయలంకలో మా అక్క కొత్తింటి ప్రార్థనలో తెలిసింది. పాస్టరుగారు ఆమెన్ అన్నారు. అందరూ కళ్లు తెరిచారు. సరిగ్గా అప్పుడే నేను, "ఇంత ఇల్లు కట్టి వంటిల్లు అగ్గిపెట్టంత పెట్టించావేంటక్కా!" అన్నాను. సంఘం మొత్తం విన్నది. ఆ రోజు నుంచి అక్క నాతో మాట మానేసింది. ఫోన్ చేస్తే బావగారే ఎత్తి, "ఏమ్మా, బాగున్నారా?" అని పెట్టేసేవారు.

అమ్మ పోయాక నాకు జడలు వేసి బడికి పంపింది అక్కే. ఆవిడ మాట్లాడకపోతే నాకు ముద్ద దిగేది కాదు. అయినా తప్పయిందని చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు. అక్కర్లేని చోట ఎంత బాగా పెగులుతుందో!

చివరికి ఈ కొత్త సంవత్సరానికి చేత్తో ఒక కార్డు చేసి పంపుదామనుకున్నాను. ఎలాగైనా అక్క నాతో మాట్లాడాలి, అదొక్కటే నా ఆశ. బందరులో ఉంటూ చెక్క అచ్చులకు కరువేంటి? పక్కనే పెదనలో బట్టల మీద కలంకారీ అద్దకం చేసే ఒకాయన, అరిగిపోయిందని పక్కన పడేసిన పువ్వు అచ్చు ఒకటి ఇచ్చాడు.

పువ్వులు కత్తిరించి, గమ్ము రాసి, ఒకదాని మీద ఒకటి అంటించడం ఎవరైనా చేస్తారు. నా పనితనం వేరు. ముందు కార్డు మీద ఒక పువ్వు అద్దాను. అదే పువ్వును పల్చటి కాగితం మీద కూడా అద్ది, కత్తిరించి, మొదటి పువ్వును దాంతో కప్పాను. దాని మీదికి సగం వచ్చేలా రెండో పువ్వు అద్ది, కాగితం తీసేశాను. రెండోది మొదటిదాని వెనక్కి వెళ్లి దాక్కుంది. మొదటిదాని అంచు వెంట ఒకే పక్క బూడిదరంగు ఇంకుతో సన్నగా నీడ దిద్దేసరికి, పై పువ్వు అచ్చం అంటించినట్టే లేచి కనబడింది. నాకే ముద్దొచ్చింది. పదకొండు కార్డులు తగలేశాక కుదిరింది లెండి. లోపల శుభాకాంక్షలు మాత్రం రాసి, జనవరి రెండున తెల్లవారగానే మా ఆయన చేతికిచ్చి నాగాయలంక బస్సెక్కించాను.

ఒక సంగతి మర్చిపోయాను. మా చర్చిల్లో జనవరి ఒకటిన వాగ్దానం కార్డులు పంచుతారు. బైబిలు వాక్యం మీద చిన్న కాగితం అంటించి ఉంటుంది. అది పీకి, ఆ ఏడాదికి దేవుడు మనకేం మాటిచ్చాడో చదువుకోవాలి. ఇక కార్డు మీద ఏదైనా అంటించినట్టు కనబడితే చాలు, మావాళ్ల గోరు దానంతటదే అక్కడికి పోతుంది.

మధ్యాహ్నం కాకముందే మా ఆయన ఫోన్ చేశారు.

"మీ అక్క ఆ పువ్వు పీకుతోందే. గోరు అయింది, బ్లేడు అయింది. ఇప్పుడు గమ్ము వదులుతుందని ఇడ్లీ పాత్ర ఆవిరి మీద పట్టింది."

"అయ్యో, అది అంటించింది కాదండీ, ఇంకు! చెప్పండి ఆవిడకి!"

"చెప్పాను. నన్నే కసిరింది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ ఆవిడకివ్వమని అరిచాను. తీరా రెండేళ్ల తర్వాత అక్క గొంతు వినబడేసరికి ఆ కోపం ఎటు పోయిందో తెలీదు.

"కింద ఏం రాశావే?"

"కింద ఏమీ లేదక్కా. అంతా ఒకటే కాగితం."

"ఏమీ లేదా?" అంది. ఇడ్లీ పాత్ర మీద మూత పెట్టేసిన చప్పుడు వినబడింది. "నేనింకా..." అని ఆగిపోయింది.

అక్క వెతుకుతున్నది వాక్యం కాదని అప్పుడు గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు.

"తప్పయిపోయిందక్కా. అందరి ముందూ నిన్ను అలా అనకూడదు. నన్ను క్షమించు," అన్నాను. ఏడుపు ఆగలేదు.

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"ఈ ముక్క పైనే రాసి చావొచ్చుగా! పొద్దుట్నుంచీ గోకుతున్నాను," అంది అక్క.