దొరగారి దిబ్బకు గడ్డి ఎవరు కోయాలి?

కుమెజో తాత కంటికి కోసిన గడ్డి కోసినట్టు కనిపించదు. ఇది కంటిజబ్బు కాదు. ఆసుపత్రిలో చూపించారు కూడా. గది ఈ చివర కూర్చుని, ఆ చివరనున్న డాక్టరుగారి ముక్కులో ఎన్ని వెంట్రుకలున్నాయో చెప్పి వచ్చాడట.

మా కురాతాని ఊరి చివర, వరిపొలాల మధ్య, పాతకాలపు సమాధి దిబ్బ ఒకటి ఉంది. పైనుంచి చూస్తే తాళంకప్ప కంతలా ఉంటుందంటారు. పైనుంచి చూసేది కాకులే కనుక మా మటుకు మాకది గడ్డిదిబ్బ. లోపల పడుకున్నది ఏ రాజో ఎవరికీ తెలియదు. కుమెజో తాత మాత్రం ‘దొరగారు’ అంటాడు, పక్కింట్లో అద్దెకున్న మనిషి గురించి చెప్పినట్టు. గడ్డి కోయడం ఊరివాళ్ళ వంతు. గడ్డి పెరిగే కాలమంతా నెలకో ఆదివారం ఇంటికొకరు కొడవలో మిషనో పట్టుకుని రావాలి. ఎవరి భాగం వాళ్ళది.

కోత అయ్యాక అందరం అన్నం ముద్దలు తింటూ కూర్చుంటాం. అప్పుడు తాత చేతులు వెనక్కి కట్టుకుని దిబ్బ చుట్టూ బయల్దేరతాడు. మా గుండెలు జారేది అప్పుడే.

“హిసానో, ఇది కోతా? మేక గడ్డంలా ఉంది.”

“నా మోకాళ్ళు చూడు, కుండల్లా వాచాయి,” అంటుంది హిసానో అవ్వ.

“నీ మోకాళ్ళతో దొరగారికేం పని? చెవుల్లో గడ్డి దూరుతుంటే ఆయనకి నిద్రెలా పడుతుంది?”

“పదిహేను వందల ఏళ్ళుగా పట్టిన నిద్ర నా వల్ల చెడుతుందా?”

“చెడుతుంది. వచ్చే ఆదివారం మళ్ళీ కోద్దాం.”

అలా నెలకో ఆదివారం కాస్తా ప్రతి ఆదివారమూ అయి కూర్చుంది.

ఒకసారి ఒసాకా నుంచి కొత్తగా పెళ్ళయిన జంట దిబ్బ చూడడానికి వచ్చింది. “చూడ్డానికొచ్చారా, సంతోషం. ఊరికే చూస్తే ఏం కనబడుతుంది? కోస్తూ చూడండి,” అని తాత చెరో కొడవలి చేతికిచ్చాడు. సాయంత్రం బస్సెక్కేటప్పుడు అమ్మాయి చేతిలో దోసకాయలు, అబ్బాయి చేతుల నిండా బొబ్బలు. “బాబూ, నీది ఆ మూల ఇంకా మిగిలుంది!” అంటూ తాత బస్సు వెనకాల కొంతదూరం పరిగెత్తాడు.

వింటే నవ్వొస్తుంది. ఉంటే రాదు. మా ఊళ్ళో బడి మూసేశారు. కొట్టు మూసేశారు. బస్సు రేపో మాపో. పెరుగుతున్నది గడ్డి ఒక్కటే, దాన్నీ కోసి పారేస్తున్నాం. ఇంజనీరింగు మధ్యలో వదిలేసి వచ్చిన నేను గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాణ్ణి. లేచి ఏం చేయాలో తెలిస్తే కదా లేవడానికి. అమ్మ కూడా పిలిచి పిలిచి మానేసింది. తలుపు బయట అన్నం పెట్టి వెళ్ళిపోయేది. కుమెజో తాతకు మాత్రం అలసట లేదు. వచ్చి కిటికీ కింద నిలబడేవాడు.

“ఒరేయ్ రియోహే! నువ్వు కోసిన చోట పాము కాపురం పెట్టొచ్చు. లే!”

“పెట్టనీ తాతా. కాపురాలు లేని ఊరు.”

“చదువు సగంలో వదిలేశావు, సరే. గడ్డి కూడా సగమేనా?”

ఊరంతటికీ వినబడేది. ఆ నోరు మూయించడానికి నేను దిగి వెళ్ళక తప్పేది కాదు.

చివరికి ఒక ఆదివారం, కోత అయ్యాక, ఊరిపెద్ద నిషివాకి గారికి విసుగెత్తింది. “ఇక మన వల్ల కాదు. దిబ్బపని టౌనువాళ్ళకి అప్పజెప్పేద్దాం. మిషన్లతో వచ్చి వాళ్ళే కోసుకుపోతారు. వచ్చే ఆదివారం మీటింగులో తేల్చేద్దాం,” అన్నారు.

తాత చేతిలోని అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. “టౌనువాళ్ళకి దొరగారెవరో తెలుసా?”

“గడ్డి అంటే ఏంటో తెలుసు. చాలదూ?”

అందరూ నవ్వారు. తాత ముద్దను మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు.

మా మీటింగుల్లో ఓట్లు ఉండవు. “ఎవరికైనా అభ్యంతరమా?” అని ఊరిపెద్ద అడుగుతాడు, అందరూ నేలకేసి చూస్తారు, పని అయిపోతుంది. ఎవరైనా నోరెత్తిన దాఖలా లేదు. అంటే దిబ్బ చేజారినట్టే. ఆ వారం తాత నా కిటికీ కిందికి రాలేదు. నేను హాయిగా నిద్రపోవాల్సింది. పట్టలేదు.

శనివారం పొద్దున, సన్నటి వానలో, ఊరికే అటు నడిచాను. దిబ్బ మీద తాత. చంకలో సంచీ. అందులోంచి గుప్పిళ్ళతో ఏదో తీసి చల్లుతున్నాడు.

“తాతా! అది ఎరువు కదూ?”

ఉలిక్కిపడ్డాడు. “అరవకురా. వరికి వేయగా మిగిలింది.”

“గడ్డికి ఎరువు వేసి, గడ్డి పెరిగిందని మమ్మల్ని తిడతావా! నీకు పిచ్చా?”

తాత సంచీ దించి దాని మీదే కూర్చున్నాడు. “పోయిన చలికాలం హిసానో వంటింట్లో జారిపడింది. మర్నాడు పోస్టువాడు వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. చలికాలం గడ్డి ఉండదు కదా. ఉంటే, ఆదివారం ఎందుకు రాలేదని తిట్టడానికైనా వెళ్ళేవాణ్ణి.”

“మరి నా వైపు?” అన్నాను.

“నీ వైపు రెండు గుప్పిళ్ళు ఎక్కువే వేస్తున్నా.”

మర్నాడు మీటింగు. నిషివాకి గారు కాగితం చదివి, “ఎవరికైనా అభ్యంతరమా?” అన్నారు. అందరూ నేలకేసి చూశారు. తాత కూడా.

“నేను కోసింది బాగా రాలేదండీ,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

“ఏమిటీ?”

“నా భాగం మళ్ళీ కొయ్యాలి. అలాంటి దిబ్బని పరాయివాళ్ళ చేతికిస్తే పరువు పోతుంది.”

“ఆ మాటకొస్తే నాదీ బాగా రాలేదు,” అంది హిసానో అవ్వ.

“మాదీ అంతే,” అన్నారు వెనకనుంచి ఎవరో.

“నా భాగం మాత్రం శుభ్రంగా ఉంది!” అన్నారు నిషివాకి గారు.

“ఎవరన్నారు?” కుమెజో తాత తల ఎత్తాడు. “అది చూస్తే నాకు ఏడుపొస్తుంది.”

నిషివాకి గారు కాసేపు అందరి మొహాలూ చూసి, కాగితం మడిచి, “సరే, వచ్చే ఆదివారం,” అన్నారు నీరసంగా.

గుమ్మం దగ్గర అందరం బూట్లు వేసుకుంటున్నాం. హిసానో అవ్వ గోడ పట్టుకుని నిలబడి, “కుమెజో, ఒక్క మాట. ఈసారైనా ఎరువు కాస్త తగ్గించి చల్లవయ్యా. నా నడుము పడిపోతోంది,” అంది.

తాత బిత్తరపోయి చుట్టూ చూశాడు. ఊరు ఊరంతా తల వంచుకుని, మహా శ్రద్ధగా బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది.