పనసబద్దలు వంచే వేడినీళ్ళు

మా పాప స్నానానికి నీళ్ళు కాగుతుంటే, పొయ్యిలో పెట్టిన పనసకర్ర నుంచి తడివాసన వచ్చింది. ఏలూరులో మా వీధి చివరనుండే మస్తాన్ తాత కొట్టు గుర్తొచ్చింది.

తాత చిన్న చిన్న చెక్కముక్కల్ని గుండ్రంగా అతికించి, తాడు లాగి తిప్పే తరిణె మీద గిన్నెలు చేసేవారు. వాటి చుట్టూ కొల్లేటి అలల్లాంటి పసుప్పచ్చ గీతలు పొదిగేవారు. అందుకోసం సన్నటి పనసబద్దల్ని వేడినీళ్ళలో నానబెట్టి, మెల్లగా వంచి, పురికొసతో అచ్చుకి కట్టేవారు. మర్నాడు కట్లు విప్పినా ఆ వంపు అలాగే ఉండేది.

అప్పుడు నాకు ఏడేళ్ళు. పెద్ద జ్వరం తగ్గాక మా తమ్ముడి కుడికాలు వంకరపోయింది. ఓరోజు వాణ్ణి చంకనెత్తుకుని కొట్టుకి వెళ్ళాను.

"నీళ్ళు కాగాయా తాతా? వీడి కాలు తిన్నగా కట్టెయ్యండి."

"ఓహో, డాక్టరమ్మగారు వచ్చారే!" అని నవ్వబోయి, వాడి కాలు చూసి ఆగిపోయారు. "ఇది కర్ర కాదు తల్లీ" అన్నారు.

ఇంతలో మమ్మల్ని వెతుక్కుంటూ అమ్మ వచ్చింది. తాత సంగతంతా చెప్పారు. తిడుతుందనుకున్నాను. అమ్మ ఆ నీళ్ళకేసి కాసేపు చూసి, "ఏమీ కుదరదా అండీ?" అని అడిగింది.

అంత పెద్దదానికి ఆ మాత్రం తెలీదా అనుకున్నాను.

ఇప్పుడు మా పాపకి ఏడాది నిండినా మెడ నిలవడం లేదు. నేను కాలేజీలో చదువుకున్నదాన్ని. నిన్న డాక్టరుగారు పెదవి విరిచి వెళ్ళిపోయాక, గుమ్మంలోకి వచ్చిన చేపలమ్మే ఆవిణ్ణి అడిగాను, మీకేమైనా తెలుసా అండీ అని.