పైన్ చెట్ల చాటున

మా ఆయనకు ఆవులంటే ప్రాణం. ఆవులకు ఆయనంటే అంత లేదు. ఈ సంగతి ఒప్పుకోవడానికి ఆయనకు ఒక చలికాలం పట్టింది.

ఆయన ఇంజినీరుగా రిటైరయ్యాక సిడ్నీ వదిలి, ఉత్తరాన కొండల మీది ఈ ఊరికి వచ్చేశాం. నేను ఇక్కడ డాక్టర్ని. కొన్న పొలంతో పాటే మాంసం కోసం పెంచే ఆవుల మందా వచ్చింది. "తినని వాళ్లకి ఈ వ్యాపారం ఏంటండీ?" అని సిడ్నీలో మేమున్న గిరావీన్ పేట స్నేహితులు ఇప్పటికీ ఆటపట్టిస్తారు. నాకూ మొదట్లో మనసొప్పలేదు. ఉన్నన్నాళ్లూ కడుపు నిండా పెడదాం అన్నారు ఈయన. అక్కడికి సర్దుకున్నాను.

ఆస్ట్రేలియాలో చలి మొదలయ్యేది మేలో; ఆ నెలకల్లా ఇక్కడి పచ్చిక మంచుకు మాడిపోతుంది. ఇక ఎండుగడ్డి చుట్టలే దిక్కు. చుట్టను ట్రాక్టరుతో తెచ్చి పైన్ చెట్ల వరస చాటున దించడం ఆయన పని. దానికున్న ప్లాస్టిక్ వల కోసి తీసేయడం నాది. కడుపు నిండి, గాలి కొట్టకుండా ఉంటే చలి వాటినేమీ చేయదని పక్క పొలం ముసలామె మొదటి రోజే చెప్పింది.

ఈయన వింటేగా! ఒంగోలు దగ్గర పల్లెలో, చలి పడితే పశువుల్ని కొట్టంలో కట్టేసి వీపున గోనెపట్టా కప్పే ఇంట్లో పెరిగిన మనిషి. ట్రాక్టరు షెడ్డు ఖాళీ చేసి, గడ్డి పరిచి, దాన్ని కొట్టం చేశారు.

మందలో ఒక ముసలి ఎర్రావు ఉంది. కిందటేడు చూలు నిలవలేదు. ఈసారీ దూడ దక్కకపోతే కబేళా లారీ ఎక్కించక తప్పదు. ఈనని ఆవును ఈ చుట్టుపక్కల ఎవరూ ఉంచుకోరు. అది నెలలు నిండి ఉండగా ఒక సాయంత్రం మంచు కలిసిన వాన అందుకుంది.

ఆయన బెల్లంముక్క చూపించి ఎర్రావును షెడ్డులోకి మళ్లించి తలుపు వేశారు. మా మంచి రగ్గు దాని వీపున కప్పారు. అది మేత ముట్టలేదు. ఒకటే అరుపు, గోడలు కుమ్మడం. ఆ అరుపు విని మంద మొత్తం చెట్ల చాటు వదిలి వచ్చి, షెడ్డు బయట వానలో నిలబడింది. మేత అక్కడ, ఇవి ఇక్కడ. లేత దూడలు గజగజ వణుకుతున్నాయి. నాకు ఒళ్లు మండింది.

"తలుపు తియ్యండి. దీన్ని కాపాడబోయి అన్నిట్నీ చంపేట్టున్నారు."

"ఈ వానలో ఈనిందంటే దూడ బతుకుద్దా?" అన్నారాయన.

"గోడలు కుమ్ముకుంటా ఉంటే మాత్రం బతుకుద్దా?"

ఆయన తలుపు తీశారు. ఎర్రావు రగ్గుతో సహా వెళ్లిపోయింది, వెనకే మంద. చెట్ల చాటుకు చేరి, ఒకదానికొకటి ఆనుకుని, మేతలో మూతి పెట్టాయి. ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు.

తెల్లారి లేచేసరికి మనిషి పక్కన లేరు. టీ పట్టుకుని బయటకు వెళ్తే, రెయిన్‌కోటు వేసుకుని మంద మధ్యలో ఉన్నారు. నా రగ్గు బురదలో పడి ఉంది. ఎర్రావు పొదుగు కింద తడి ఆరని పెయ్యదూడ, తోక ఊపుతూ పాలు తాగుతోంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"చలికి బిగుసుకుపోతారు, లోపలికి రండి!" అని కంచె దగ్గర నుంచి అరిచాను.

"ఇక్కడేం చలి లేదే. నువ్వే రా!"

వెళ్లి ఆయనకూ ఎర్రావుకూ మధ్య నిలబడ్డాను. నిజమే, గాలి లేదు.