కాక వేసిన గొట్టం

మా పక్కింటి కాక పోయాడని దవాఖాన నుంచి కబురు వస్తే నేను నమ్మలేదు. రాత్రి ఛాతీ నొప్పని తీసుకెళ్లారు. అంతకుముందు సాయంత్రం కూడా గోడ అవతల ఆయన స్పానర్‌తో గొట్టాన్ని టంగుటంగుమని కొడుతుంటే విన్నాను.

ఆ గొట్టం సంగతి చెప్పకపోతే కాక ఎవరో మీకు తెలియదు. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ఆయన ఫిట్టరు. నేను చిన్నమ్మ అని పిలిచే ఆయన భార్యకు దమ్ము జబ్బు. మా ఊరు పటేల్‌గూడ చలికి ఆమె ఛాతీ పట్టేసేది. గదిలో కుంపటి పెడదామంటే పొగకు ఊపిరాడదు. కంపెనీలో పౌడరు ఆరబెట్టే గదిని ఆవిరి గొట్టాలతో వెచ్చబెట్టడం చూసిన కాక, ఒక ఆదివారం వంటింటి కట్టెల పొయ్యి మీద ఇనుప డ్రమ్ము నిలబెట్టాడు. దాని పైభాగం నుంచి ఒక గొట్టం గోడ దాటి, చిన్నమ్మ మంచం చుట్టూ తిరిగి, మళ్లీ డ్రమ్ము అడుగుకు చేరేది. వేడినీళ్లు పోవాలి, చల్లారినవి తిరిగి రావాలి. అంతే.

ఆ ‘అంతే’ దగ్గరే వచ్చింది చిక్కంతా. పొయ్యి భగభగా మండుతున్నా మధ్యాహ్నం దాకా మంచం దగ్గర గొట్టం చల్లగానే ఉండేది. కాక గొట్టం మార్చాడు, వాలు మార్చాడు, పాపం కట్టెలనూ తిట్టాడు. చివరి నట్టు వదులు చేస్తే బుస్సుమని గాలి వచ్చి, ఆ పూటకు కాగేది. తెల్లారితే మళ్లీ మొదటికే.

"గాలి యాడికెళ్లి వస్తదిరా? డ్రమ్ము నేనే నిండ నింపిన గద!" అని నన్నడిగేవాడు. నాకేం తెలుసు? ఇద్దరం కలిసి తల గోక్కునేవాళ్లం.

"గొట్టం యాడికి పోతది, ముందు తిను," అనేది చిన్నమ్మ.

"దీని సంగతి సూసినంకనే సస్త," అనేవాడు నవ్వుతూ. ఆ మాట ఇప్పుడు తలుచుకోలేకపోతున్నాను.

చుట్టాలంతా వెళ్లిపోయి, ఆ పొయ్యి మళ్లీ రాజేసిన పొద్దున చిన్నమ్మ గోడ మీదుగా కేకేసింది. వెళ్లి చూస్తే గొట్టం ఈ కొస నుంచి ఆ కొస దాకా వెచ్చగా ఉంది. ఆమె బిత్తరపోయి చూస్తోంది.

"ఇయ్యాల గింత జల్దీ ఎట్ల కాగింది? ఎవరు బాగు జేసిండ్రు?"

"నేను ముట్టలేదు చిన్నమ్మా. నువ్వేమన్న జేసినవా?"

"నేనేం జేస్త? నీళ్లు గూడ ముంచలే ఇయ్యాల."

"ఏం నీళ్లు?"

"మీ కాక తానానికి. రోజు డ్యూటీకి పోయే ముందు డ్రమ్ములకెళ్లే బకెట్ ముంచేదాన్ని. ఎంత ముంచితే అంత సల్లనీళ్లు మల్ల పోసుడు. బంబకు గట్లనే జేస్తం గద."

నిజమే, స్నానానికి నీళ్లు కాచే బంబలో వేడినీళ్లు ఎంత తీస్తే అంత చన్నీళ్లు పోయడం మా ఇళ్లలో ఎవరూ ఆలోచించి చేసే పని కాదు. ఆ బకెట్ ముంచగానే డ్రమ్ములో నీళ్లు పైగొట్టం కిందికి దిగేవి, గాలి దూరేది. తర్వాత చన్నీళ్లు పోసినా ఆ గాలి గొట్టంలోనే చిక్కి, వేడినీళ్లను ముందుకు పోనిచ్చేది కాదు. ఆ నీళ్లతోనే కాక రోజూ హాయిగా స్నానం చేసి, గొట్టం ఎందుకు కాగడం లేదని జుట్టు పీక్కునేవాడు. ఆయనకు నిజంగా తట్టలేదా? తట్టినా, ఆమె ప్రేమగా తోడిపెట్టే నీళ్లను వద్దనలేకపోయాడా? ఎంత ఆలోచించినా నాకు తేలడం లేదు.

ఉన్నది ఉన్నట్టు చిన్నమ్మకు చెప్పాను. "ఇగ ముంచకు. గది వెచ్చగుంటది, నీకు ఊపిరాడుతది," అన్నాను.

ఆమె గొట్టం మీద చెయ్యి వేసి కాసేపు కూర్చుంది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లింది. డ్రమ్ములో బకెట్ ముంచిన చప్పుడు, చన్నీళ్లు పోసిన చప్పుడు వినిపించాయి. పొగలు కక్కుతున్న బకెట్‌ను స్నానాల గదిలో పెట్టి, దాని పక్కన కాక తువ్వాలు మడిచి పెట్టింది.

నా చేతి కింద గొట్టం మెల్లగా చల్లబడుతోంది.