ధన్నూరలో దిగలేదు

జ్వరంతో వాంతులు చేసుకుంటున్న నా ఆరేళ్ల కూతురికి తలగడ సరిగా లేక మెడ పట్టేసిందనుకుని, రుద్దించడానికి ధన్నూరలో మెడలు పట్టే ఆమె దగ్గరికి తీసుకెళ్తున్నాను. బస్సులో పక్క సీటావిడ నా కూతురి ఒడిలో ఒక జామకాయ పెట్టింది. దాన్ని చూడటానికి తల వంచబోయి పిల్ల కెవ్వుమంది.

ఆవిడ ముఖం మారిపోయింది. "ధన్నూరల దిగకు చెల్లె. ఇది మెడ పట్టుడు గాదు, మెదడుకెక్కే జరం. సీదా బీదర్ పెద్ద దవాఖానకు పో."

"నీకెట్ల ఎరుక?" అని కసిరాను.

"మా పిల్లకు మేం రెండు దినాలు మెడ రుద్దినం."

బీదర్‌లో డాక్టర్లు వెన్నులోంచి నీళ్లు తీసి పరీక్షకు పంపి, ఫలితం రాకముందే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నా కూతురు బతికింది. ఎడమ చెవి మాత్రం వినపడదు.

వాళ్ల పిల్ల ఏమైందని ఆ రోజు బస్సులో నేను అడగలేదు.